చావు షాటు తర్వాతి నవ్వు

మా సీరియల్లో జమేదారు నవ్వడు. అది మా దర్శకుడు మొదటి రోజే పెట్టిన నియమం. నిజాం కాలంలో ఒక చిన్న ఊరి ఠాణాలో పనిచేసే జమేదారు, ఆ ఊళ్ళో జరిగిన హత్యలూ దొంగతనాలూ ఒక్కొక్కటీ తేలుస్తుంటాడు. తలపాగా తీయడు, గొంతు పెంచడు, పెదవి విప్పి నవ్వడు. తొంభైల మొదట్లో మొదలై మూడు భాగాలుగా వచ్చిన ఆ సీరియల్‌కి నేను రెండు పనులు చేసేదాన్ని. షూటింగ్ రోజుల్లో కెమెరా పక్కన కూర్చుని, ఏ షాటు టేపు మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అంకెలతో షీటులో రాసేదాన్ని. షూటింగ్ లేని రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు మేడ మీద కూర్చుని ప్రేక్షకుల ఉత్తరాలకు జవాబులు రాసేదాన్ని.

ఉత్తరాలు గోనెసంచిలో వచ్చేవి. వాటిలో సగం నవ్వు గురించే. "జమేదారు గారు ఒక్కసారి నవ్వితే చూడాలని మా అమ్మమ్మ కోరిక" అని ఒకరు. "ఆయనకి పై పళ్ళు లేవని మా ఆయన పందెం కాశారు, నిజం చెప్పండి" అని ఇంకొకరు. ఒకాయనైతే నాలుగు పేజీల హాస్యకథ రాసి పంపించి, ఇది చదివి వినిపిస్తే తప్పకుండా నవ్వుతాడని హామీ ఇచ్చాడు. అందరికీ నేను పంపించింది ఒక్కటే, జమేదారు మూతి బిగించుకున్న ఫోటో, కింద సంతకం. సంతకం కూడా నేనే చేసేదాన్నని ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, వెంగళరావు నగర్‌లో అక్కా బావల ఇంట్లో ముందు గదిలో ఉంటూ, ఇరవై ఎనిమిదేళ్ళకే ఎనభై ఏళ్ళ ముసలమ్మలా సణుగుతానని యూనిట్‌లో పేరు తెచ్చుకున్నాను. కానీ నా షీటులో తప్పు ఉండదని కూడా పేరుండేది. ఆ రెండో పేరు చూసుకుని కొంచెం మిడిసిపడేదాన్ని.

జమేదారు వేషం వేసిన మనిషికి అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. రహమత్ నగర్‌లో రెండు గదుల కిరాయింట్లో భార్యతో ఉండేవారు. పిల్లలు లేరు. నల్లగొండ వైపు ఊళ్ళలో నాటకాలు ఆడి, ఆ ట్రూపు చెదిరిపోయాక సినిమాల్లోకి వచ్చి, ఇరవై ఏళ్ళు గుంపు వేషాలే వేశారు. హీరో తన్నే పదిమందిలో ఆయన ఆరోవాడో ఏడోవాడో. కత్తిపోటుకి చచ్చారు, తూటాకి చచ్చారు, కొండ మీంచి పడి చచ్చారు. ఒక సినిమాలో విశ్రాంతికి ముందు ఒకసారి, తర్వాత మీసం మార్చి ఇంకోసారి చచ్చారు. తన యాస సినిమాల్లో విలన్ పక్కనుండే మొద్దుగాడికే పనికొస్తుందని వాళ్ళూ వీళ్ళూ అంటుంటే విని ఊరుకున్నారు. మా సీరియల్లో మొదటిసారి ఆయన తన భాషలో తలెత్తుకుని మాట్లాడారు. నేను ఆయన్ని బాబాయ్‌గారూ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవారు.

ఇక్కడ సినిమావాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ముఖ్యమైన నటుడెవరైనా చావు సీన్ చేస్తే, ఆ షాటు కాగానే ఆ మనిషి లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తారు. తర్వాత గుమ్మడికాయ దిష్టి తీసి కొడతారు. చావు వేషానికి అంటుకుని ఉండిపోకూడదని ఆ తతంగం. తర్వాత ఆ ముక్కని ఎడిటింగులో తీసేస్తారు, ప్రేక్షకులకి ఎప్పటికీ తెలియదు. మా దర్శకుడి పట్టింపు ఇంకొకటి. చావు మీద కట్ చెప్పకూడదనేవాడు. కెమెరా ఆపకుండా నడుస్తూనే ఉండాలి, మనిషి లేవాలి, నవ్వాలి, అప్పుడే కట్. నేను షీటులో చావు ఎక్కడ ముగిసిందో అక్కడ ఎర్ర గీత గీసేదాన్ని. ఎడిటర్ ఆ గీత చూసి అక్కడ ఆపేవాడు.

గుంపులో చచ్చేవాళ్ళకి ఈ మర్యాద లేదు. వాళ్ళు లేచి, బట్టలు దులుపుకుని, భోజనాల వరుసలో నిలబడాలి.

మూడో భాగం మొదలయ్యే ముందు, అదే ఆఖరి భాగమనీ చివర్లో జమేదారు చనిపోతాడనీ దర్శకుడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం బాబాయ్‌గారు ఆఫీసు మేడెక్కి వచ్చి, నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఈసారి నేను సస్తున్ననట గద, బిడ్డా."

"అవునండీ. సార్ చెప్పారు."

"మంచిగ రాసిండ్రా?"

"చాలా బాగా రాశారు. మంచం మీద పడుకుని, నెమ్మదిగా."

ఆయన కాసేపు ఉత్తరాల సంచి వైపు చూశారు. "ఇరవై ఏండ్ల సంది సస్తున్న. నేను సస్తె జనం ఈలలేసిండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. ఒక్కలు గుడ ఏడ్వలే. ఈసారన్న ఎవలన్న ఏడుస్తరేమో సూడాలె. ఏడ్సినోళ్ళు జాబు రాస్తరు గద. రాస్తే నాకు సదివి సెప్పు."

నేను సరేనన్నాను. అంత పెద్దమనిషి అంత చిన్న కోరిక అడిగారని టీ తెప్పించాను.

ఆఖరి భాగం మొదటి వారం నుంచే ఉత్తరాల రంగు మారిపోయింది. కథేమిటంటే, మొదటి భాగంలో జమేదారు పట్టించి ఉరికంబం ఎక్కించిన ఒక కుర్రాడు నిర్దోషి అని ఇన్నేళ్ళకి బయటపడుతుంది. జమేదారు ఠాణా వదిలేసి, ఇంటింటికీ వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకుంటూ తిరుగుతాడు. జనానికి ఇది మింగుడు పడలేదు. "మా జమేదారు తప్పు చేయడు, తప్పు చేసింది మీ రచయిత" అని వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ రాశాడు. ఏలూరు నుంచి ఒకావిడ, ఆ కుర్రాడే దోషి అని మొదటి భాగంలోంచి సాక్ష్యాలు ఏరి తొమ్మిది పాయింట్లు రాసి పంపింది. వాటిలో రెండు నిజంగానే మా కథలో బొక్కలు. ఒకతను, కథ మార్చకపోతే టీవీ అమ్మేస్తానని బెదిరించాడు. మా దర్శకుడు ఇవన్నీ చదివించుకుని తెగ సంబరపడ్డాడు. "తిడుతున్నారంటే చూస్తున్నారమ్మాయ్" అనేవాడు.

బాబాయ్‌గారు మాత్రం ప్రతి వారం ఒకటే అడిగేవారు. "ఏడ్సెటోళ్ళ జాబులొచ్చినయా?"

"ఇంకా మీరు పోలేదు కదండీ. తిట్టేవాళ్ళే రాస్తున్నారు."

"తిట్టనియ్. తిట్టినోళ్ళే ఏడుస్తరు."

చావు సీన్ జూబ్లీహిల్స్‌లో, అప్పటికింకా బండలు పగలగొట్టని ఒక గుట్ట వెనక వేసిన పెంకుటింటి సెట్‌లో తీశాం. ఉరి తీయబడిన కుర్రాడి తల్లి ఇల్లు అది. జ్వరంతో ఆ గడపలో పడిపోయిన జమేదారుని ఆవిడ లోపలికి తీసుకుని, నోట్లో నీళ్ళు పోస్తుంది. మర్నాడు పొద్దున ఆవిడే ఆయన్ని పూలతో పాడె మీద పడుకోబెట్టిస్తుంది. ఆఖరి షాటు ఆ ముఖం. తలపాగా తీసిన తెల్లజుట్టు, గడ్డం కింద కట్టిన గుడ్డ, మూసిన కళ్ళు.

గడ్డం కింద గుడ్డ కట్టినప్పుడు ఆయన ముఖం నేనెరిగిన ముఖం కాకుండా పోయింది. మా నాన్న పోయినప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. నాన్న ముఖం అలాగే ఉండి ఉంటుందని అప్పుడు మొదటిసారి అనిపించింది. పెన్ను చేతిలో ఉంది, షీటు ఒళ్ళో ఉంది, నా కళ్ళు కారిపోతున్నాయి. నలుగురూ చూస్తారని తల వంచుకున్నాను.

దర్శకుడు "చాలు, లేవండి" అన్నాడు. ఆయన లేవలేదు. కెమెరా నడుస్తోంది. మళ్ళీ ఎవరో "అన్నా, లేవండి" అన్నారు. ఆయన కదల్లేదు. లైట్‌బాయ్‌లు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు ఆయన కళ్ళు తెరిచి, పూలు జారిపోతుండగా లేచి కూర్చుని, కెమెరా వైపు తిరిగి నవ్వారు. పై పళ్ళు రెండు లేవు. పందెం కాసిన ఆ మొగుడు సగం గెలిచినట్టే. ముఖమంతా నవ్వి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. అప్పుడు కట్ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, దర్శకుడు గుండె మీద చెయ్యి వేసుకుని ప్రేమగా ఒక బూతు తిట్టాడు. చాలు అన్న దగ్గర్నుంచి ఆయన కళ్ళు తెరిచేదాకా పదకొండు సెకన్లు పట్టిందని టేపు అంకెలు చెప్పాయి. అది నేను షీటులో రాసుకున్నాను. ఎర్ర గీత గీయడం మరిచిపోయాను.

గుమ్మడికాయ పగిలాక ఆయన నా దగ్గరికి వచ్చారు. "నాకు గుమ్మడికాయ కొట్టుడు గిదే మొదటిసారి, బిడ్డా" అన్నారు. అందుకే తొందరగా లేవాలనిపించలేదట. ఆ మర్యాద ఇంకాస్త సేపు అనుభవించాలనిపించిందట.

టేపు టీవీ కేంద్రంలో ఇవ్వాల్సిన రోజున శ్రీనగర్ కాలనీలో మేం అద్దెకు తీసుకున్న ఎడిటింగ్ గదిలో రెండు గంటలు కరెంటు పోయింది. ఆఖరి ముఖం మీద పేర్లు నడవాలి. ఎడిటర్ నా షీటు చూశాడు, ఎర్ర గీత లేదు, కట్ అన్న చోటు అంకె ఉంది. షాటు అక్కడిదాకా ఉంచి, దాని మీద సంగీతం, పేర్లు వేసేశాడు. నా షీటులో తప్పు ఉండదని అతనికీ నమ్మకమే. మళ్ళీ మొదట్నుంచి వేసుకుని చూసే టైము లేక, టేపు కారెక్కింది.

ప్రసారమయ్యే సాయంత్రం అక్కావాళ్ళింట్లో పక్కింటివాళ్ళతో కలిసి చూస్తున్నాను. పాడె మీద ముఖం వచ్చేసరికి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి మామ్మగారు ముక్కు చీదారు. పేర్లు నడుస్తున్నాయి, ఒకటి, రెండు, నా పేరు కూడా పోయింది. ఆ తర్వాత పేర్ల వెనక జమేదారు కళ్ళు తెరిచాడు.

లేచి కూర్చున్నాడు. పై పళ్ళు రెండు లేని నోటితో నవ్వాడు. దణ్ణం పెట్టాడు. తెర నల్లబడింది.

బావ "ఇదేంటి, లేచాడే!" అని పెద్దగా నవ్వేశాడు. నవ్వింది ఆయన ఒక్కడే అయితే బాగుండేది. అప్పట్లో అందరూ అదే ఛానెల్ చూసేవాళ్ళు. మా వీధిలో తెరిచి ఉన్న ప్రతి కిటికీలోంచీ ఒకేసారి నవ్వు వినపడింది. ముక్కు చీదిన మామ్మగారు కూడా నవ్వారు. రహమత్ నగర్‌లో ఈపాటికి ఏం జరుగుతూ ఉంటుందో ఊహించుకోవడానికి భయపడ్డాను.

మర్నాడు ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. దర్శకుడు ఎడిటర్‌ని నిలబెట్టి కడిగేస్తున్నాడు. నేను షీటు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, తప్పు నాదని చెప్పాను. నన్ను కూడా తిడతాడనే అనుకున్నాను, తిడితే ఎదురు తిట్టాలని కూడా ఉంది. ఆయన షీటు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నాకెందుకమ్మాయ్ చెప్తావు? వెళ్ళి ఆయనకి చెప్పు" అన్నాడు.

ఫిల్మ్ నగర్ నుంచి దిగి, యూసుఫ్‌గూడ మీదుగా రహమత్ నగర్ దాకా నడిచే వెళ్ళాను. బస్సు వస్తే తొందరగా చేరిపోతానని భయం. వాళ్ళ వాకిట్లో ముందు రోజు వేసిన చాపలు ఇంకా గోడకి ఆనించి ఉన్నాయి. టీవీని అరుగు మీద పెట్టి, గల్లీ అందరినీ పిలిచారట. పాత నాటకాల స్నేహితులు నలుగురు ఊళ్ళ నుంచి వచ్చారట. ఈసారి చూడండి నేనెట్లా చస్తానో అని వారం రోజులు అందరికీ చెప్పుకున్నారట. ఇవన్నీ పిన్నిగారు, అంటే ఆయన భార్య, నాకు గుమ్మంలోనే చెప్పారు. ఆయన లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"బాబాయ్‌గారూ, తప్పు నాదండీ. గీత గీయలేదు."

ఆయన లేచి కూర్చున్నారు గానీ నా వైపు చూడలేదు. "అందరు నవ్విండ్రు బిడ్డా. గల్లీ మొత్తం నవ్వింది. మా దోస్తుగాళ్ళు గుడ నవ్విండ్రు. అంతకు ముందు ఏడుస్తుండ్రు, నేను సూసిన. ఒక్కడు తువ్వాల మొఖానికి పెట్టుకున్నడు. గంతల నేను లేసి కూసున్న. తువ్వాల తీసి గాడు గుడ నవ్విండు."

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"బతికినన్ని దినాలు నవ్వులపాలే అయితి. సచ్చినంకన్న ఇడిసిపెడతరనుకున్న. నా సావును ఖరాబ్ జేసినవు గదనే."

వంటింటి గడపలోంచి పిన్నిగారు కల్పించుకున్నారు. "నాకైతే మంచిగనే అనిపిచ్చింది. పాడె మీద సూడలేక నేను కండ్లు మూసుకున్న. తెరిసెటాలకు లేసి నవ్వుతున్నడు. నాకింకేం గావాలె?"

"నీకేం దెల్వది, నువ్వు సప్పుడు జెయ్యకు" అన్నారాయన.

ఏడుస్తూ రాయడం వల్లే గీత మరిచిపోయానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్తే సాకులా ఉంటుంది. తప్పు చేసి, పైగా నేనెంత మెత్తని మనసుదాన్నో చూడండని చెప్పుకున్నట్టుంటుంది. పిన్నిగారు ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచి వచ్చేశాను. దారిలో ఒక రాతి మీద కూర్చుని, ఎవరూ చూడకుండా నన్ను నేను తిట్టుకున్నాను.

నాలుగో రోజు నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒక్క సంచి కాదు, ఆఫీసు వరండా నిండిపోయింది. మేం నవ్వులపాలయ్యామనే అనుకుని విప్పడం మొదలుపెట్టాను. అలాంటివీ ఉన్నాయి. ఒక కాలేజీ కుర్రాళ్ళ గుంపు, జమేదారు గారు లేచారు కాబట్టి నాలుగో భాగం ఎప్పుడు అని రాశారు. రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌గారు, ఇది చనిపోయిన పోలీసుకు జరిగిన అవమానమని మళ్ళీ రాశారు. కానీ చాలామంది దాన్ని పొరపాటు అనుకోనేలేదు. తప్పు ఒప్పుకున్న మనిషికి ఆ తల్లి క్షమాపణ దొరికింది గనక ఆత్మ నవ్విందని రాశారు. మూడేళ్ళు దాచి దాచి ఆఖరికి నవ్వించిన దర్శకుడి తెలివికి జోహార్లన్నారు. అది చదివి మా దర్శకుడు దగ్గాడు. ఏలూరు ఆవిడ పదో పాయింటు రాసింది. "ఆ నవ్వు చూశాక నా తొమ్మిది పాయింట్లూ వెనక్కి తీసుకుంటున్నాను."

వాటిలో ఒకటి జైలు ముద్రతో వచ్చింది. ఒక ఖైదీ రాశాడు. వాళ్ళ బ్యారక్‌లో అందరూ కలిసి చూశారట. చివర జమేదారు లేచి నవ్వినప్పుడు అక్కడ ఒక్కరూ నవ్వలేదట. చేయని నేరానికి శిక్ష పడిందని ఇరవై ఏళ్ళుగా అంటూ వస్తున్న ముసలాయన ఒకడు, తెర మీద జమేదారు దణ్ణం పెట్టగానే లేచి నిలబడి తిరిగి దణ్ణం పెట్టాడట. ఆ రాత్రి భోజనం దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదని రాసి, కింద పేరు రాయలేదు.

ఆ ఉత్తరాలు ఒక చేతిసంచిలో పెట్టుకుని మళ్ళీ రహమత్ నగర్ వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను మెట్టు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆత్మ నవ్విందన్న ఉత్తరాలకు ఆయన కదల్లేదు. "పొగుడుతుండ్రు. గదొద్దు" అన్నారు. జైలు ఉత్తరం సగంలో ఉండగా కత్తి పక్కన పెట్టారు. సగం ముఖం నురగతోనే ఉంది.

"మళ్ళ సదువు."

మళ్ళీ చదివాను.

"గాడ ఒక్కలు గుడ నవ్వలేదట గద."

"లేదండీ."

"ఏడ్సిండ్రని రాసిండా?"

నేను ఉత్తరం మళ్ళీ వెతికాను. అబద్ధం చెప్పొచ్చు. సంతకాలే పెట్టినదాన్ని, ఒక వాక్యం కలిపితే పోయేదేముంది. కానీ ఆయన ముఖం చూస్తూ కలపలేకపోయాను. "ఏడ్చారని రాయలేదు బాబాయ్‌గారూ" అన్నాను. ఇక దాచుకోలేక మిగతాది కూడా చెప్పేశాను. "ఏడ్చింది నేను. షూటింగ్ రోజున, మీ గడ్డం కింద గుడ్డ కట్టాక. మా నాన్న గుర్తొచ్చారు. అంకెలైతే రాశాను గానీ మనసు షీటు మీద లేదు, అందుకే గీత పోయింది. సాకు చెప్తున్నాననుకుంటారని మొన్న చెప్పలేదు."

ఆయన నా వైపు తిరిగారు. నా షీటుల సంగతి, నా సణుగుడు సంగతి ఆయనకి బాగా తెలుసు.

"నువ్వేడ్సినవా? నిజంగనే?"

"నిజంగానేనండీ."

"నేను సస్తెనే?"

"మీరు చస్తేనే."

ఆయన వంటింటి వైపు తిరిగి కేకేశారు. "ఏమే, ఇన్నవా? ఈ పిల్ల ఏడ్సిందట!" ఆ తర్వాత నురగ ఆరిపోయిన గడ్డంతో, ఆ రోజు కెమెరాకి నవ్విన నవ్వే నవ్వారు. పిన్నిగారు నాకు జొన్నరొట్టె పెట్టారు. ఆ జైలు ఉత్తరం ఆయన అడిగి తీసుకుని, మేకప్ రేకు డబ్బాలో పెట్టుకున్నారు. క్షమించానని నోటితో అనలేదు, నేనూ అడగలేదు.

సీరియల్ అయిపోయాక ఆయనకి మళ్ళీ చిన్న వేషాలే వచ్చాయి. కాకపోతే ఒక కొత్త పేచీ మొదలుపెట్టారు. చావు ఉంటే నవ్వు షాటు, గుమ్మడికాయ ఉండాలి, లేకపోతే చావను అనేవారు. తనకొక్కడికే కాదు, పక్కన చచ్చే పదిమందికీ కావాలన్నారు. కృష్ణానగర్ అడ్డా మీద నిలబడే గుంపు నటులు ఇది చెప్పుకుని పడీ పడీ నవ్వేవాళ్ళు. మేనేజర్లకి మాత్రం నవ్వు రాలేదు. రెండు మూడు వేషాలు అలాగే పోయాయి. కనపడినప్పుడు నేను పోట్లాడాను. "పది గుమ్మడికాయలు ఎవరు కొంటారండీ?" అన్నాను. "ఒక్కటే కొట్టమను, అందరం దాని సుట్టు నిలబడతం" అన్నారు. ఒక్క సినిమాలో, ఎవరో కొత్త దర్శకుడు, నిజంగానే అలా చేశాడని తర్వాత విన్నాను.

తొంభైల చివర్లో ఒక పొద్దున కబురొచ్చింది. టీ తాగుతూ గోడకి ఒరిగిపోయారట. దర్శకుడూ నేనూ వెళ్ళేసరికి గల్లీ నిండా జనం. కృష్ణానగర్ నుంచి గుంపు నటులు వచ్చి ఉన్నారు, నాటకాల స్నేహితుల్లో మిగిలిన ఇద్దరూ వచ్చారు. అప్పుడు టీవీ పెట్టిన అరుగు మీదే ఆయన్ని పడుకోబెట్టారు. తెల్లజుట్టు, గడ్డం కింద గుడ్డ, పూలు. నేను చూసిన ముఖమే. ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. ఏడవడానికి ఏదో అడ్డంగా ఉన్నట్టు అందరూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు.

నలుగురు వచ్చి పాడె పట్టుకున్నారు. డప్పు మొదలైంది. అప్పుడు పిన్నిగారు చెయ్యెత్తారు.

"జర ఆగుండ్రి."

డప్పు ఆగింది. పాడె పట్టినవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే నిలబడ్డారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ గల్లీలో ఆ సాయంత్రం టీవీ ముందు నవ్వినవాళ్ళే అక్కడ ఉన్నారు, ఆవిడ దేనికోసం చూస్తోందో అందరికీ తెలుసు. పిన్నిగారు ఆయన కళ్ళ మీంచి చూపు తిప్పలేదు. నేను తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండు, ఆ రోజు షూటింగులో ఆయన కళ్ళు తెరిచిన అంకె. పన్నెండు కూడా అయింది. ఇరవై దాకా లెక్కపెట్టాను.

పిన్నిగారు వంగి, ఆయన నుదుటి మీద పూరేకు తీసి పక్కన పెట్టారు. "ఇగ తీస్కపోండ్రి" అన్నారు.

అప్పుడు గల్లీ మొత్తం ఏడ్చింది. ఆ రోజు తువ్వాల ముఖానికి పెట్టుకున్న స్నేహితుడు అరుగు మీద కూలబడి ఏడ్చాడు. కృష్ణానగర్ నుంచి వచ్చినవాళ్ళు ఏడ్చారు, మా దర్శకుడు కళ్ళజోడు తీసేసి ఏడ్చాడు, నేను ఏడ్చాను. పాడె మలుపు తిరిగేదాకా నిలబడి, ఎవరెవరు ఏడుస్తున్నారో ఒక్కొక్కళ్ళనీ చూసి గుర్తు పెట్టుకున్నాను. ఆయన అడుగుతారని.